కానుక పెట్టెలోనే కాదు, కంచంలోనూ కృతజ్ఞత



ఇంట్లో తొలిచూలు అని తెలియగానే మన కుటుంబాల్లో మొదట జరిగేది ప్రార్థన. కాన్పు క్షేమంగా జరిగితే ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెబుతాం, కృతజ్ఞత కానుక అర్పిస్తాం. ఇది మంచి అలవాటే. మరి ఈ రెండింటికీ మధ్య ఉన్న తొమ్మిది నెలల మాటేమిటి? కృతజ్ఞతను కాన్పు దాకా దాచి ఉంచకూడదని, ఆ నెలల్లోనే, అదీ ఇంట్లోనే, చేతల్లో కనబరచాలని మా అభిప్రాయం.

లూకా సువార్త మొదటి అధ్యాయం చూడండి. వృద్ధాప్యంలో గర్భవతి అయిన ఎలీసబెతుకు, వయసులో చిన్నదైన మరియకు ఇద్దరికీ తొలిచూలే. మరియ వెళ్ళి ఎలీసబెతు ఇంట్లో ఇంచుమించు మూడు నెలలు ఉంది. ఆమె దేవుణ్ణి స్తుతించింది బిడ్డ పుట్టాక కాదు, ఎదురుచూసే రోజుల్లోనే. దేవాలయంలో కాదు, బంధువుల ఇంట్లో. పెద్దావిడ చిన్నదాన్ని ఆదరించింది. కుటుంబమంటే అదే.

అటువంటి ఆదరణను మా ఓ.పి.లోనూ చూస్తుంటాం. కోడలికి తోడుగా వచ్చే అత్తగారు, చీటీ పట్టుకొని వరుసలో నిలబడే భర్త, ఆకలేస్తుందేమోనని డబ్బా కట్టి తెచ్చే అమ్మ. మొదటి బిడ్డ కోసం ఎదురుచూసే తల్లి వీరి కోసం దేవుణ్ణి స్తుతించడం న్యాయమే. అయితే తన శరీరంలో ఆ బిడ్డను మోస్తున్న ఆమెకు ఇంటిల్లిపాదీ ఋణపడి ఉన్నారన్నది మరచిపోకూడదు.

ఆ ఋణం తీర్చడం కంచం దగ్గరే మొదలుపెట్టవచ్చు. అందరూ తిన్నాక మిగిలింది కోడలు తినే పద్ధతి ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇద్దరిలో ఒకరికి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని తిండి తగ్గించడం తప్పు. పప్పు, ఆకుకూర, గుడ్డు ముందు ఆమె కంచంలో పడాలి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు ఐరన్ మాత్ర రోజూ వేసుకోవాలి. టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకోకూడదు. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయవద్దు. ఆ మాత్రను గుర్తుచేసి, మంచినీళ్ళ గ్లాసుతో చేతికందించే భర్త చేసేదీ స్తుతియాగమే.

మరొక మాట. కృతజ్ఞత అంటే బాధ చెప్పుకోకపోవడం కాదు. "దేవుడు ఇంత మేలు చేశాడు, ఇంకా మూలుగుతావేం?" అని పెద్దలు అంటే, అమ్మాయి తలనొప్పిని కూడా దాచుకుంటుంది. అక్కడే ప్రమాదం. గుర్రపువాతానికి దారితీసే బి.పి. జబ్బు తొలిచూలులోనే ఎక్కువగా వస్తుంది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు వాయడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. బండి లేకపోతే 108కు ఫోన్ చేయాలి. రోజుల తరబడి దిగులు, ఏడుపు, నిద్రలేమి ఉన్నా డాక్టరుతో చెప్పాలి. అది విశ్వాసం తగ్గడం కాదు.

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి, స్త్రీలకూ పిల్లలకూ వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచారు. మన మిషన్ ఆసుపత్రులు ఇలా స్త్రీల బాధ విన్నవారి వల్ల ఏర్పడ్డాయి. ఆ వినే చెవి ఇప్పుడు మన ఇళ్ళలో ఉండాలి.

మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. పంపండి, చీరతోపాటు చెకప్ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం కూడా సంచిలో పెట్టండి. కాన్పు ఎక్కడో, అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరి బండో, రక్తం అవసరమైతే ఎవరిస్తారో రెండు కుటుంబాలూ ముందే మాట్లాడుకోండి. పుట్టేది ఆడా మగా అని మాత్రం ఆరా తీయవద్దు. అది చట్టరీత్యా నేరం. పైగా దేవుడిచ్చేదానికి షరతు పెట్టడం.

పుట్టింటి ఆసరా లేనివారు, కడుపు పోయి దుఃఖంలో ఉన్నవారు కూడా మన సంఘంలో ఉన్నారు. వారి ఎదుట మన దీవెనలు లెక్కపెట్టడం కంటే, వారితో చెకప్‌కు తోడుగా ఒకరు రావడం మేలు. స్త్రీల సమాజం సహోదరీలు ఈ పని చేపడితే మేమెంతో సంతోషిస్తాం.

బిడ్డ పుట్టాక కానుక తప్పక అర్పించండి. ఈ రాత్రి భోజనానికి మాత్రం ఆమెకు ముందు వడ్డించండి.

దేవుడు మీ ఇంటిని దీవించును గాక.