తీపినీటి అమానతు

 

ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు, 61 రోజుల పాటు, మన తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం. సముద్రంలో చేపలు వృద్ధి చెందడానికి ప్రభుత్వం విధించిన నిషేధమది. పిల్లల సెలవులు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. చిల్లకూరు, గూడూరు పరిసరాల కుటుంబాలు కొన్ని పడమటి దిక్కుగా కండలేరు జలాశయం చూడటానికి బయలుదేరతాయి. కొందరు వెంట గాలం కూడా తీసుకువెళతారు. “హజ్రత్‌! అక్కడ చేపలు పట్టుకోవచ్చునా? జబహ్‌ చేయకుండా తినవచ్చునా?” అని విద్యార్థుల తండ్రులు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేముందు ఆ నీరు ఎటువంటిదో తెలుసుకోవడం అవసరం.

దివ్యఖుర్‌ఆన్‌ ఫాతిర్‌ సూరా 12వ ఆయతులో రెండు జలరాశుల ప్రస్తావన ఉంది. ఒకటి తీపి, రెండవది ఉప్పు. అవి సమానం కావు. అయినా రెండింటి నుంచీ మానవునికి తాజా ఆహారం లభిస్తున్నది. ఈ సూచన గ్రహించడానికి మన ప్రాంతీయులు దూరం పోనక్కరలేదు, ఒక్క కండలేరు చాలు. రాపూరు మండలం చెల్లాయపాలెం వద్ద కట్ట వెనుక అది తియ్యని నీరు. అక్కడ బొచ్చె, శీలావతి, కొరమీను. అదే ఏరు కృష్ణపట్నం దగ్గర సముద్రపు పోటుతో కలిసి ఉప్పుపాయగా మారుతుంది. అక్కడ పండుగప్ప, రొయ్య, పీత. ఏరు ఒక్కటే, ప్రసాదాలు రెండు. సుబ్‌హానల్లాహ్‌!

కండలేరు జలాశయం తెలుగుగంగ పథకంలో భాగం. దాని సామర్థ్యం 68 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. శ్రీశైలం వద్ద బయలుదేరిన కృష్ణా జలాలు వెలుగోడు, సోమశిల దాటి ఇక్కడికి చేరతాయి. ఇక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువ గుండా తమిళనాడులోని పూండికి, అక్కడి నుంచి చెన్నై నగరానికి పోతాయి. కృష్ణా జలాలలో తమ వాటా నుంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ తలా 5 టీఎంసీలు విడిచిపెట్టడం ఈ ఏర్పాటుకు పునాది. 1983లో ఒప్పందం కుదిరింది. 1996లో నీరు పూండి చేరింది. మనం వినోదం కోసం కాలు పెట్టే నీటిని ఎక్కడో ఒక తల్లి తన బిడ్డకు తాగించబోతున్నదని మరువరాదు. నిలిచి ఉన్న నీటిలో మూత్రవిసర్జన చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. నీటిలో ప్రజలందరికీ భాగం ఉన్నదని కూడా బోధించారు. ఆ భాగాన్ని మలినం చేయడం ఇతరుల హక్కును హరించడమే.

ఇక చేపల మాట. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వర్షాకాలపు ప్రవాహం కావాలి. అందుచేత జలాశయాలలో చేపపిల్లలను తెచ్చి వదులుతారు. అవి ఎదిగిన తరువాత అనుమతి పొందిన మత్స్యకారులు పుట్టి మీద పోయి వల వేసి, తెల్లవారుజామున తీసి, అమ్ముకొని ఇల్లు నడుపుకుంటారు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది: అక్కడి నియమం అనుమతిస్తే పట్టండి, లేనిచో కొని తినండి. పేదవాని జీవనోపాధిలో చేయిపెట్టి తెచ్చినది సరదా కాజాలదు. మందుగుండు పేల్చడం, విషం కలపడం మరీ ఘోరం. అది చేపపిల్లలను సైతం నాశనం చేస్తుంది, తాగేవారి ప్రాణానికీ ముప్పు తెస్తుంది.

రెండవ ప్రశ్నకు జవాబు సులువు. చేపకు జబహ్‌ అవసరం లేదు, అది ధర్మసమ్మతమే. అయితే తనంతట తాను చచ్చి వెల్లకిలా నీటిపై తేలిన చేపను తినరాదని హనఫీ పండితుల అభిప్రాయం. పట్టకముందే నీటిలోని చేపను బేరమాడి అమ్మడం కూడా చెల్లదు. ఏమి వస్తుందో ఎవరికీ తెలియని బేరం అది. తినే ఉద్దేశం లేకుండా, కేవలం ఆటకు ప్రాణిని హింసించడం విశ్వాసికి తగదు. పట్టిన చేపను గట్టు మీద కొట్టుకొని చావడానికి వదిలి నవ్వే పిల్లవానిని తండ్రి అక్కడికక్కడే మందలించాలి.

తల్లులు గమనించవలసిన మరొక విషయం ఉంది. ఒండ్రు అడుగుకు చేరి నీరు తేటపడినచోట లోతు తక్కువగా కనిపిస్తుంది. కాంతి నీటిలో నుంచి బయటికి వచ్చేటప్పుడు వంగుతుంది. పై నుంచి చూసేవారికి 10 అడుగుల లోతు ఏడున్నర అడుగులుగా తోస్తుంది. నేల కనబడుతున్నది గదా అని దిగిన బాలుడు నిలబడలేడు. ఈత రానివారు రక్షించబోయి తామూ మునుగుతారు. వెంటనే తాడో, పొడవైన కర్రో, మూత బిగించిన ఖాళీ డబ్బానో అందించాలి. వెనువెంటనే నీటిలో దూకరాదు. ప్రాణరక్షణ ధర్మవిధి. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసే ఆ కొద్ది నిమిషాలలోనే పిల్లలు చేయి దాటిపోతారు.

ఉత్తరాన, సైబీరియాలో, బైకాల్‌ అనే సరస్సు ఉంది. లోకంలో అంతకంటే లోతైన సరస్సు లేదు. లోతు 1,642 మీటర్లు. భూమిపై గడ్డకట్టని ఉపరితల మంచినీటిలో దాదాపు ఐదవ వంతు అందులోనే ఉంది. కొన్ని వేళల 40 మీటర్ల లోతు వరకు కంటికి కనిపించేటంత తేటదనం. అక్కడి ‘ఓముల్‌’ చేపకు ఎంతో పేరు. చూడవచ్చిన ప్రతివాడూ దాని రుచి అడుగుతాడు. అంతటి మహాసరస్సులోనూ ఆ చేప తరిగిపోయి, 2017లో వ్యాపార వేటను నిషేధించవలసి వచ్చింది. ఆ అపార జలరాశే మనిషి ఆశకు తాళలేనప్పుడు, వేసవిలో గట్టు దిగజారిపోయే మన జలాశయాలు ఏపాటి?

అల్లాహ్‌ సృష్టిని చూడటానికి తప్పక వెళ్ళండి. వేళకు నమాజు చదవండి; వుజూకు తగినంత నీరే వాడండి. తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్‌ సంచులు ఇంటికి తిరిగి తీసుకురండి. పట్టిన చిన్నపిల్లలను ప్రాణంతో నీటిలోకే వదిలివేయండి. మనకు ముందు వచ్చినవారు మిగిల్చిపోయినందునే మనకు దక్కింది. మన తరువాత వచ్చేవారికీ దక్కాలి. అమానతు అంటే అదే.

తీపినీటిని ప్రసాదించిన ప్రభువు దాని లెక్క అడిగే దినాన మనలను తలవంచుకోనీయకుండుగాక. ఆమీన్‌.