కపిలవర్ణంలో కొండ తుఫాను

పాత ఛాయాచిత్రం అనగానే ఎవరి మనసులోనైనా మెదిలేది తేనె రంగుకూ మట్టి రంగుకూ నడుమనుండే ఒక వన్నె. దానికి సెపియా అని పేరు. గ్రీకు భాషలో అది ఒక సముద్రజీవి పేరు. ఆ జీవి విడిచే సిరాతో ఐరోపా చిత్రకారులు బొమ్మలు గీసేవారు. నేడు ఆ వన్నెకు సిరాతో పనిలేదు. చేతిఫోనులో ఒక గుర్తును తాకితే చాలు, నిన్నటి సాయంత్రం మేఘాలు కమ్మిన శిఖరం నూటయాభై యేళ్ల ప్రాచీనతను సంతరించుకుంటుంది. ఈ సౌలభ్యం వల్ల కలిగే లాభమెంత, నష్టమెంత అన్నది విచారింపదగిన విషయం.

సామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1863లో భారతదేశానికి వచ్చి, 1866 లోపల మూడు పర్యాయాలు హిమాలయయాత్ర చేశాడు. ఆనాడు ఛాయాగ్రహణం ఒక తపస్సు. గాజుపలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, దానిని వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, ఆ తడిలోనే రసాయనాలతో కడగాలి. ఇందుకు చీకటి గుడారం, సీసాలు, పలకల పెట్టెలు వెంట ఉండాలి. వాటిని మంచుకొండలపైకి మోసిన కూలీల పేర్లను చరిత్ర పట్టించుకోలేదు. మూడవ యాత్రలో బోర్న్ 18,000 అడుగులకు మించిన ఎత్తునున్న మనిరంగ్ కనుమను చిత్రించాడు; గంగోత్రి హిమానీనదాన్నీ చిత్రించాడు.

ఇంత శ్రమించినా ఆ కాలపు చిత్రాలలో తుఫాను అరుదు. కొలోడియన్ పలక ప్రధానంగా నీలికాంతికే స్పందిస్తుంది. అందువల్ల నీలాకాశమూ తెల్లమేఘమూ పలకపై ఒక్కటిగానే పడి, కొండపైన ఆకాశం ఖాళీ కాగితంలా మిగిలేది. పలక కొన్ని క్షణాలపాటు వెలుగుకు ఎదురుగా ఉండవలసి రావడంతో గాలికి ఊగే చెట్టు అలుక్కుపోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక పలకపైనా, మేఘాలను మరొక పలకపైనా తీసి, రెంటినీ ఒకే కాగితంపై అచ్చువేసి ఈ చిక్కును తప్పించుకున్నాడు. అంటే, నేటివారు పాతదనం కోసం కపిలవర్ణం పులుముతున్న తుఫాను మేఘం పాతవారి చేతికి సులభంగా చిక్కనే లేదు!

ఆ వన్నె కూడా నాటివారు కేవలం అందం కోసం ఎంచుకున్నది కాదు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై వెండితో ఏర్పడిన చిత్రానికి సహజంగా వచ్చిన రంగు అది. కాలం గడిచేకొద్దీ మరింత పసుపెక్కింది. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ చిత్రాలలో కనిపించేదీ ఇదే. తరువాతి కాలంలో చిత్రంలోని వెండిని గంధక రసాయనంతో సిల్వర్ సల్ఫైడుగా మార్చే పద్ధతి వచ్చింది. అందువల్ల చిత్రం ఎక్కువకాలం మన్నుతుంది. అక్కడ రంగుకు ఒక ప్రయోజనముంది.

కపిలవర్ణాన్ని సమర్థించేవారి వాదంలోనూ కొంత సత్యం లేకపోలేదు. రంగులు తొలగితే కొండ అంచు, మబ్బు పొర, వాటి మధ్య చీలివచ్చే వెలుగు స్పష్టమవుతాయి. అయితే ఆ గుణం నలుపు తెలుపు చిత్రానికీ ఉంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ యోసెమిటీ లోయలో తొలగిపోతున్న శీతకాలపు తుఫానును నలుపు తెలుపులలోనే చూపించాడు. అందులోని చలి చూపరులకు తగులుతుంది. కపిలవర్ణం ఆ చలిని హరిస్తుంది. ఉరుముతున్న మేఘం ఎప్పుడో కురిసి వెలిసిన మేఘంలా, ఎవరికీ హాని చేయనిదానిలా కనిపిస్తుంది. ప్రాచీన కవులు వర్షాన్ని ఇలా తియ్యబరచలేదు. ఆముక్తమాల్యదలో రాయలవారు మేఘాల సొగసుతోపాటు తడిసిన కట్టెలతో వంట చేయలేక ఇల్లాలు పడే అవస్థనూ వర్ణించారు. ఆ పొగ ముందు ఫోనులోని కపిలవర్ణం వెలవెలబోతుంది.

హిమాలయాల విషయంలో ఇది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. 2013 జూన్‌లో కేదారనాథ్‌పై విరుచుకుపడిన వరద వేలమందిని బలిగొన్నది. గంగోత్రి హిమానీనదపు ముఖం 1935 నుండి 1996 లోపలే ఒక కిలోమీటరుకు పైగా వెనుకకు జరిగింది. మంచు ఎక్కడివరకు ఉండేదో తెలుసుకోగోరేవారికి 1866 నాటి చిత్రం ఒక సాక్ష్యం. ఈనాటి చిత్రాలూ రేపటివారికి సాక్ష్యాలే. మంచు ఏది, మట్టి పేరుకున్న మంచు ఏది, బండ ఏది, కొత్తగా మొలిచిన పచ్చిక ఏది అని వారు అడిగితే, అన్నిటినీ ఒకే గోధుమవన్నెలో ముంచిన చిత్రం ఏమి బదులు చెబుతుంది? పైగా అది ఏ కాలానిదో కూడా పొరపాటు పడే ప్రమాదముంది.

కపిలవర్ణంపై మమకారమున్న ఛాయాగ్రాహకులు దానిని విడిచిపెట్టనక్కరలేదు. రంగు మార్చని మూలచిత్రాన్ని భద్రపరచి, దానితోపాటు కొండ పేరు, తాము నిలిచిన చోటు, తేదీ, వేళ రాసి ఉంచాలి. వన్నె మార్చిన ప్రతిపై మార్చినట్లు తెలపాలి. ఆ తరువాత గోడకు ఏ రంగు చిత్రాన్ని తగిలించుకున్నా వారి ఇష్టం.