షుగర్ ఫ్రీ కాఫీ తాగితే షుగర్ పెరగదా? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కప్పు కొనేముందు తెలుసుకోవాల్సినవి

మన దగ్గర 'షుగర్' అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి చక్కెర, రెండోది మధుమేహం. కాఫీ కౌంటర్ దగ్గర 'షుగర్ ఫ్రీ' అని కనిపించగానే చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. చక్కెర వేయలేదు కాబట్టి షుగర్ పెరగదని అనుకుంటారు. చట్టం మాత్రం మొదటి అర్థానికే పూచీ ఇస్తోంది.

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం లాంటి చోట ఈ తేడా తెలియడం ముఖ్యం. తెల్లవారుజామున విమానం అందుకోవాల్సిన ప్రయాణికులు, నైట్ షిఫ్టు సిబ్బంది, బుకింగ్ కోసం గంటల తరబడి ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్లు భోజనం వేళ తప్పితే కాఫీతో సరిపెట్టుకుంటారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారు.

'షుగర్ ఫ్రీ' అంటే చట్టం ప్రకారం ఏమిటి?

ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 100 గ్రాములు లేదా 100 మిల్లీలీటర్ల పదార్థంలో చక్కెరలు 0.5 గ్రాములకు మించకూడదు. అప్పుడే 'షుగర్ ఫ్రీ' అని రాసుకోవచ్చు. ఇక్కడ చక్కెరలు అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్, లాక్టోజ్ లాంటివి. మిగతా కార్బోహైడ్రేట్లు ఈ లెక్కలోకి రావు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాల్టోడెక్స్‌ట్రిన్‌నే తీసుకోండి. మొక్కజొన్న లాంటి వాటి పిండిని చిన్న ముక్కలుగా విడగొట్టి దీన్ని తయారుచేస్తారు. నాలుకకు పెద్దగా తీపి తగలదు. లేబుల్‌లో 'కార్బోహైడ్రేట్' వరుసలో ఉంటుంది కానీ, 'టోటల్ షుగర్స్' వరుసలో దాదాపు కనిపించదు. కడుపులోకి వెళ్లాక మాత్రం వేగంగా గ్లూకోజ్‌గా మారిపోతుంది. చక్కెరలాగే గ్రాముకు 4 కిలో క్యాలరీలు ఇస్తుంది. రక్తంలో గ్లూకోజ్‌ను పెంచే వేగంలో మామూలు చక్కెర కన్నా ముందుంటుంది.

కప్పులో కార్బ్స్ ఎక్కడి నుంచి వస్తాయి?

పాలు: 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. 300 మిల్లీలీటర్ల పాలతో చేసిన పెద్ద లాటేలో దాదాపు 15 గ్రాములు. ఒక చిన్న చపాతీలో ఉండే కార్బోహైడ్రేట్లతో ఇది సమానం. షుగర్ ఫ్రీ సిరప్ వేసినా ఈ 15 గ్రాములు ఎక్కడికీ పోవు. ఆ కాఫీలో షుగర్ ఫ్రీ అయింది సిరప్ ఒక్కటే. కప్పు మొత్తాన్ని 0.5 గ్రాముల కొలతతో చూస్తే ఆ పేరు నప్పదు. లాక్టోజ్ గ్లూకోజ్ అంత వేగంగా రక్తంలో చేరదు కాబట్టి పాలను భయపడి మానేయాల్సిన పనిలేదు. లెక్కలో వేసుకుంటే చాలు.

ఓట్ మిల్క్: తయారీలో ఎంజైమ్‌లు ఓట్స్‌లోని పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. అందుకే విడిగా చక్కెర కలపకపోయినా ఇది తియ్యగా ఉంటుంది.

ప్రీమిక్స్, క్రీమర్ పొడులు: వెండింగ్ మెషీన్లలో, కోల్డ్ కాఫీల్లో వాడే పొడుల్లో గ్లూకోజ్ సిరప్ పొడి, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉండొచ్చు. చిక్కదనం చాలావరకు వీటి నుంచే వస్తుంది.

స్వీటెనర్ సాచెట్లు: సుక్రలోజ్ చక్కెర కంటే సుమారు 600 రెట్లు తీపి. కప్పుకు కొన్ని మిల్లీగ్రాములు చాలు. అంత తక్కువ పొడిని సాచెట్‌లో నింపలేరు కాబట్టి మాల్టోడెక్స్‌ట్రిన్, లాక్టోజ్ లాంటివి కలుపుతారు. ఒక గ్రాము సాచెట్‌లో దాదాపు గ్రాము కార్బోహైడ్రేట్ ఇలాంటిదే కావొచ్చు. ఒకటి వేసుకుంటే పట్టించుకోనక్కర్లేదు. రోజుకు మూడు కాఫీలు, కప్పుకు రెండేసి అయితే 6 గ్రాములు.

మాల్టిటాల్: షుగర్ ఫ్రీ చాక్లెట్ సాస్‌లు, బిస్కెట్లలో ఎక్కువగా వాడతారు. చక్కెరలో సగానికి పైగా క్యాలరీలు దీనిలోనూ ఉంటాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఇదే హెచ్చరిక ఉంది. షుగర్ ఫ్రీ పదార్థాల్లో కొవ్వులు, శుద్ధిచేసిన పిండి, మాల్టిటాల్ లాంటి దాగిన చక్కెరలు ఉండొచ్చని ఆ సంస్థ చెప్పింది.

ఎయిర్‌పోర్టులో మీకు ఏ సమాచారం ఇవ్వాలి?

ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్, చక్కెరల వివరాలు అచ్చువేయాల్సిందే. చేతికిచ్చే కప్పుకు ఆ లేబుల్ ఉండదు. దానికి వేరే నిబంధన ఉంది. కేంద్ర లైసెన్స్ ఉన్న ఆహార సంస్థలు, లేదా 10 అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న సంస్థలు మెనూలో ప్రతి పదార్థం పక్కన క్యాలరీలు, వడ్డించే పరిమాణం చూపాలి. ఇది 2022 జులై 1 నుంచి అమల్లో ఉంది.

విమానాశ్రయాల్లోని ఆహార దుకాణాలు కేంద్ర లైసెన్స్ పరిధిలోకి వస్తాయి. అంటే ఊళ్లో ఒకే శాఖ ఉన్న కేఫ్‌కు లేని బాధ్యత టెర్మినల్‌లోని కౌంటర్‌కు ఉంటుంది. మీ బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూడండి. 100తో మొదలైతే అది కేంద్ర లైసెన్స్.

లోటు ఏమిటంటే, బోర్డు మీద తప్పనిసరి చేసింది క్యాలరీలనే. షుగర్ ఉన్నవారికి, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారికి కావాల్సింది కార్బోహైడ్రేట్ల లెక్క. మిగతా పోషక వివరాలు అడిగితే ఇవ్వాలని నిబంధన చెబుతోంది. బోర్డింగ్ పిలుపు వినిపిస్తుండగా, వెనక క్యూ ఉండగా ఎవరు అడుగుతారు? క్యాలరీల పక్కనే కార్బ్స్ అంకె కూడా చేర్చడానికి కావాల్సింది ఇంకొంచెం చోటు మాత్రమే.

అప్పటిదాకా ఏం చేయాలి?

• క్యాలరీల అంకెను ఆధారంగా తీసుకోండి. పాలు, చక్కెర లేని బ్లాక్ కాఫీలో క్యాలరీలు నామమాత్రం. 'షుగర్ ఫ్రీ' కాఫీ పక్కన 200 అని ఉంటే అవి పాలు, క్రీమ్, పొడుల నుంచే వస్తున్నాయి.

• "ఏ పాలు, ఎన్ని? ప్రీమిక్స్ వాడతారా? పోషక వివరాల షీట్ ఉందా?" అని అడగండి.

• ప్యాకెట్ అయితే 'షుగర్స్' వరుసతో ఆగకుండా 'కార్బోహైడ్రేట్' వరుస చూడండి.

• షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తే స్వీటెనర్ కలిపిన కాఫీ పనిచేయదు. గ్లూకోజ్ లేదా చక్కెర తీసుకోవాలి.

• తరచూ తాగే కాఫీ మీ ఒంటికి ఎలా పడుతోందో రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకోండి. మందుల మోతాదు మాత్రం డాక్టర్‌ను అడగకుండా మార్చొద్దు.

• మెనూలో క్యాలరీలు లేకపోతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బోర్డు ఫొటో, బిల్లు జత చేయండి.