మందు ధర ఎక్కడ తేలుతుంది?

వాణిజ్య ఒప్పందాలు అనగానే జెనీవా, ఢిల్లీ గుర్తొస్తాయి. మేం ఈ సంచికను హైదరాబాద్ నాగోల్‌లోని ఒక మందుల షాపు దగ్గర మొదలుపెట్టాం. 2012లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు ప్రభుత్వం తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా మందు తయారుచేసే అనుమతి, ఇచ్చింది. పేటెంటు ఉన్న బేయర్ కంపెనీ నెలకు 2.8 లక్షలకు అమ్మిన క్యాన్సర్ మందు 8,880 రూపాయలకు దిగొచ్చింది. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందమేమో, కంపెనీలు ఇష్టపడి ఇచ్చే లైసెన్సులే మేలైన దారి అంటోంది. మన పేటెంటు చట్టం మారలేదు, నిజమే. దాన్ని వాడాల్సిన చెయ్యి వెనకాడదా అన్నదే మా అనుమానం.

పత్తి విత్తనం గురించి రాసినా, పాల గురించి రాసినా మన రచయితలు అడిగేదొకటే: సంతకం కాకముందే ముసాయిదా మనకెందుకు చూపరు? 2017లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంపై చర్చలు మన హైదరాబాద్‌లోనే, తలుపులు మూసుకునే జరిగాయి మరి! మాతో విభేదిస్తే తప్పక రాయండి, ముందు ఆ ఉత్తరాలనే అచ్చేస్తాం.