ప్రవరుని పసరూ, మన ప్యాకేజీ టూరూ

మన కావ్యాలలో మంచుకొండకు ఒక్కపూట యాత్ర పెట్టుకొన్నవాడు ప్రవరుడు. సిద్ధుడు ఇచ్చిన పసరు పాదాలకు పూసికొని అరుణాస్పదపురం నుండి హిమాలయానికి వెళ్ళాడు. చూడవలసినది చూచి, వేళకు ఇంటికి చేరి, నిత్యకృత్యాలు నడుపుకోవాలని ఆయన సంకల్పం. పసరు మంచునీటికి కరిగిపోయింది. తిరుగుదారి లేక ఆయన పడిన పాట్లు పెద్దనగారి మనుచరిత్ర చదివినవారందరికీ తెలిసినవే. వరూధిని సంగతి అటుంచి ప్రయాణం సంగతి మాత్రమే చూస్తే, ప్రవరుని లోపం ఒక్కటే. వెళ్ళే చోటు ఎటువంటిదో, అక్కడి మంచు స్వభావం ఏమిటో తెలుసుకోకుండా బయలుదేరడం.

నేటి ప్రవరులకు పసరుకు బదులు ప్యాకేజీ టూరు దొరికింది. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, ఏ ఊరైనా చూడండి. క్రిస్మసు సెలవులు, సంక్రాంతి సెలవులు రాగానే కుటుంబాలకు కుటుంబాలు ఢిల్లీ, సిమ్లా, కులూ, మనాలీ అంటూ కదులుతున్నాయి. ఆరు రాత్రుళ్ళు, ఏడు పగళ్ళు. అందులో సగం బస్సులోనే గడుస్తాయి. ఒకనాడు స్నో పాయింటు అనే చోట దింపుతారు. అద్దె కోటు, అద్దె బూట్లు. జడలబర్రె మీద ఒక ఫొటో. ఆ పైన కాళ్ళకు రెండు పలకలు కట్టి, అక్కడి కుర్రవాడొకడు నడుం పట్టుకొని పదిగజాలు తోస్తాడు. ఇంటికి వచ్చి "మేము స్కీయింగ్ చేశాము" అంటారు. అయ్యా, స్కీయింగ్ చేసినవాడు ఆ తోసిన కుర్రవాడు. మీరు సామాను.

ఎండకు పేరుమోసిన రెంటచింతల ఉన్న ప్రాంతం వాళ్ళం, మనకు మంచు మీద ఆటలేమిటని అనేవారితో నాకు ఏకీభావం లేదు. వెళ్ళండి, ఆడండి. కాని నాలుగు ఊళ్ళు కాదు, ఒక్క ఊరికి వెళ్ళండి. సద్దులేని కొండకు వెళ్ళండి. కనీసం వారం రోజులు ఉండండి. చూచి రావడానికి కాదు, నేర్చి రావడానికి వెళ్ళండి. అది కుదరకపోతే ఆ సొమ్ము దాచుకొని సంక్రాంతికి ఇంటిపట్టున ఉండండి. నా వాదమంతా ఇంతే. ఇక దీనిని సమర్థించుకొంటాను.

మొదట మాట సంగతి. సంస్కృతంలో అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం అని అమరసింహుడు వరుసగా చెప్పాడు. వాడుక తెలుగులో వీటన్నిటికీ మంచు ఒక్కటే మాట. తెల్లవారుజామున చేలమీద పడే తేమ మంచే. రోడ్డు మీద బళ్ళను ఆపే పొగ మంచే. హిమాలయం మీద పేరుకొన్న రాశీ మంచే. ఈ ఒక్క మాట చేసే మాయ చిన్నది కాదు. చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడివారు కొర్రబయలు అంటారు. గట్టి చలి రాత్రులలో అక్కడ గడ్డి మీద తేమ పేరుకొని తెల్లబడుతుంది. దానిని ఆంధ్రా కాశ్మీరు అని ప్రచారం చేస్తే, జనం మంచు కురుస్తుందనుకొని కార్లు కట్టుకొని పోయి, దారులలో బారులు తీరి, ఏమీ కురవలేదని విసుక్కొని వస్తున్నారు. కురిసే మంచు వేరు, పేరుకొనే తేమ వేరు. మాటలో తేడా తెలియనివాడు ప్రయాణంలో మోసపోతాడు.

స్కీ అనే మాటకు మూలం పాత నార్వే భాషలో చీల్చిన కట్టెముక్క. మంచులో దిగబడకుండా నడవడానికి చలిదేశపు పల్లెవాళ్ళు కాళ్ళకు కట్టుకొన్న కట్టె అది. మన రేవులలో దోనె ఎటువంటిదో అక్కడ అది అటువంటిది. బ్రతుకు అవసరంలో పుట్టిన విద్య గనుక దానికొక క్రమం ఉంది. మొదటిరోజు గురువు నేర్పేది జారడం కాదు, పడటం. ప్రక్కకు ఒరిగి పడాలి. పలకలు వాలుకు అడ్డంగా పెట్టుకొని లేవాలి. తరువాత పలకల ముందు కొనలు దగ్గర చేసి, వెనుక కొనలు ఎడంచేసి, నాగలి ఆకారంలో నిలిపి వేగాన్ని అణచడం. అటుపైన, బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చి మలుపు తిరగడం. ఎడమకు తిరగాలంటే కుడికాలి మీద బరువు మోపాలి. భయపడ్డవాడు కొండవైపు ఒరుగుతాడు, వెంటనే పడతాడు. ధైర్యంగా వాలువైపు ఒరిగినవాడు నిలుస్తాడు. ఇది గంటలో వచ్చేది కాదు. మూడవరోజున ఒళ్ళంతా నొప్పులు. అయిదవరోజున ఏదో ఒక క్షణాన కాళ్ళకు తెలివి వస్తుంది. అక్షరాలు కూడబలుక్కొనే పిల్లవాడు ఒకనాడు ఉన్నట్టుండి వాక్యం చదివినట్లు. ఆ క్షణం కోసమే ప్రయాణం. ప్యాకేజీవాడు మొదటిరోజే మనలను బస్సెక్కించి ఆ అయిదవరోజును కాజేస్తున్నాడు.

సద్దులేని చోటు ఎందుకంటే, అది విలాసం కాదు, నేర్చుకొనేవాడి అవసరం. పడేవాడికి చోటు కావాలి. గుంపులో ఒకడు పడితే వెనుకవాడు వాడి మీద పడతాడు. గురువు మాట వినబడాలి. మనాలీకి పైనున్న రోహ్‌తంగ్ కనుమ మీద బళ్ళ తాకిడికి మంచు మసిబారుతున్నదని జాతీయ హరిత ట్రిబ్యునల్ రోజువారీ బళ్ళ సంఖ్యకు పరిమితి విధించవలసి వచ్చింది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచిన తరువాత ఆ గుంపు అటువైపు లాహౌల్ లోయలోని సిస్సూ మీద కూడా పడింది. ఒకనాడు స్కీయింగ్‌కు పేరుపొందిన సిమ్లా దగ్గరి కుఫ్రీ గుర్రపు స్వారీలకూ ఫొటోలకూ మిగిలింది. కొండను చెరిచేది అక్కడి చలి కాదు, మన తొందర.

మరి ఎక్కడికి? ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది. దాదాపు 2,500 నుండి 3,000 మీటర్ల ఎత్తున, ఎదుట నందాదేవి. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడలు డెహ్రాడూన్‌లోనూ ఇక్కడా జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారు ఏడు రోజుల, పద్నాలుగు రోజుల శిక్షణలు నడుపుతూ వచ్చారు. హిమాచల్‌లో సిమ్లాకు 65 కిలోమీటర్లలో నార్కండ ఉంది. సుమారు 2,700 మీటర్లు. చిన్న ఊరు, చిన్న వాలు, చుట్టూ దేవదారు అడవి. మొదటిసారి నేర్చుకొనేవాడికి అంతకంటే పెద్దది అక్కరలేదు. గుల్మార్గ్ గొప్పదే, కేంద్ర పర్యాటకశాఖవారి శిక్షణ సంస్థ అక్కడ ఉంది. కాని అక్కడి గొండోలా వద్ద జనసమ్మర్దం ఎక్కువ. ఎక్కడికైనా సరే, ఆ ఏడాది శిక్షణ ఉన్నదీ లేనిదీ, మంచు పడినదీ లేనిదీ ముందు ఆ సంస్థనే విచారించి తరువాత రైలు టిక్కెట్టు కొనాలి.

కాలం సంగతి మరీ ముఖ్యం. సంక్రాంతికి మనకు సెలవులుంటాయి గాని మేఘుడికి ఉండవు. 2024 జనవరి మధ్యలో గుల్మార్గ్ వాలులు బోడిగా ఉన్నాయి. ఆ నెల చివర గాని మంచు పడలేదు. 2025లో అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక ఫిబ్రవరి నుండి మార్చికి వాయిదాపడ్డాయి. అందువల్ల ఫిబ్రవరి మేలు. పిల్లల పరీక్షలంటారా? పదవ తరగతి, ఇంటర్మీడియట్ పిల్లలను ఆ ఏడు వదిలేయండి. చిన్న తరగతుల పిల్లవాడు వారం రోజులు బడి మానితే లోకం మునగదు. ఈ మాట బడిపంతులుగా బ్రతికినవాడే చెబుతున్నాడు గనుక నమ్మవచ్చు.

ఇక అసలు విషయం. కొండమీది మంచు మనకు ఆటవస్తువు, అక్కడివారికి నీరు. మన పొలాలకు నాగార్జునసాగర్ కుడికాలువ ఎటువంటిదో, వారికి పైనున్న ఆ తెల్లని రాశి అటువంటిది. వేసవిలో మెల్లగా కరిగి వాగులలోకి దిగుతుంది. నార్కండ చుట్టూ ఆపిల్ తోటలు. అమెరికా నుండి వచ్చి ఆ ప్రక్కనే కోట్‌గఢ్‌లో స్థిరపడి, సత్యానంద స్టోక్స్‌గా పేరు మార్చుకొన్న మహనీయుడు గడచిన శతాబ్దం తొలినాళ్ళలో అమెరికా రకం ఆపిల్ మొక్కలు అక్కడ నాటించాడు. ఆ చెట్లకు చలికాలంలో తగినంత చలి తగలకపోతే పూత సరిగా రాదు. మంచు పడని ఏడాది ఆ రైతు ముఖం, వాన పడని ఏడాది మన పత్తిరైతు ముఖం ఒకటే.

ఒక్క ఊహ చేయండి. ఫిబ్రవరి నెల. మన ఊళ్ళో మిరప కళ్ళం ఎర్రగా పరచి ఉంది. ఒక బస్సు వచ్చి ఆగింది. ఎన్నడూ మిరప చూడని యాభైమంది దిగి, "ఎంత ఎరుపో" అని కేరింతలు కొట్టి, బూట్లతో తొక్కి, కాయల మీద దొర్లి ఫొటోలు తీయించుకొని, నీళ్ళసీసాలు అక్కడే పారవేసి గంటలో వెళ్ళిపోయారు. రైతు కర్ర తీసుకొంటాడా లేదా? కొండవాడు కర్ర తీసుకోవడం లేదంటే వాడికి కోపం లేదని కాదు, వేరే బత్తెం లేదని.

ఔలీలోనే 2019 జూన్‌లో ఒక సంపన్న కుటుంబంవారి పెళ్ళిళ్ళు జరిగి, మిగిలిపోయిన చెత్త సంగతి హైకోర్టుదాకా పోయింది. దాని క్రిందనే జోషీమఠ్ ఉంది. శంకరుల జ్యోతిర్మఠం ఉన్న ఊరు, 2024లో అధికారికంగా ఆ పేరే పెట్టారు. 2023 జనవరిలో అక్కడ నేల క్రుంగి వందల ఇళ్ళు బీటలువారాయి. కుటుంబాలను ఖాళీ చేయించారు, ఔలీకి వెళ్ళే రోప్‌వేను ఆపివేశారు. అటువంటి ఊరిమీదుగా వెళ్ళేవాడు వేడినీళ్ళు రాలేదని రంకెలు వేయకూడదు.

పూర్వపక్షం లేకుండా వాదం నిలువదు గనుక రెండు ఆక్షేపణలకు సమాధానం చెబుతాను.

"మనం పోకపోతే అక్కడివారికి జీవనోపాధి పోదా?" పోవద్దన్నది ఎవరు? నాలుగు ఊళ్ళు తిరిగేవాడి సొమ్ము బస్సుకూ ఏజెంటుకూ పోతుంది. ఒక్క ఊళ్ళో వారం ఉన్నవాడి సొమ్ము విడిదికీ, టీకొట్టుకూ, పలకలు అద్దెకిచ్చేవాడికీ, నేర్పే గురువుకూ చేరుతుంది. తోసే కుర్రవాడు గురువు అవుతాడు. వాడికి గౌరవం, మనకు విద్య.

"మంచు మీద ఆట ధనికులది, చలిప్రాంతాలవారిది." మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల పల్లెలో వ్యవసాయకూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకొన్నది. 2014 మే 25న, పదమూడేళ్ళ ప్రాయంలో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఖమ్మం ప్రాంతపు ఆనంద్‌కుమార్. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో సాధనచేసి ఎక్కారు. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణం విడిచాడు. వీరెవరూ మంచులో పుట్టలేదు. నేర్చుకొన్నారు, అంతే తేడా.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. బయలుదేరడానికి ఆరువారాల ముందు నుండి రోజూ గోడకుర్చీ వేయండి. ఒకప్పుడు బడిలో అల్లరిపిల్లలకు వేసిన ఆ శిక్షే స్కీయింగ్‌కు మొదటి వ్యాయామం. తొడలకు పట్టు దానితోనే వస్తుంది. పత్తి పండించే గడ్డమీద చెప్పరాని మాటే గాని, లోపల నూలుబట్ట వేసుకోవద్దు. చెమటను పీల్చి తడిగా ఉండి ఒళ్ళు చల్లబరుస్తుంది. పలుచని ఉన్ని మేలు. నల్లకళ్ళద్దాలు మరువవద్దు, మంచుమీది ఎండ కళ్ళను కాలుస్తుంది. మొదటిరోజు విశ్రాంతి, దండిగా నీళ్ళు. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు వైద్యుని అడిగి వెళ్ళాలి. ఆవకాయ జాడీ పట్టుకుపోండి, తప్పులేదు. ఖాళీ జాడీతోపాటు మీ చెత్తను కూడా తిరిగి తెచ్చుకోండి.

వెళ్ళివచ్చిన బ్లాగు మిత్రులకు ఒక మనవి. దయచేసి యాభై ఫొటోలు పెట్టవద్దు. మీకు నేర్పిన గురువు ఏమి చెప్పాడో, ఎన్నిసార్లు పడ్డారో, ఏ రోజున నిలిచారో, అక్కడివారు రకరకాల మంచును ఏ ఏ పేర్లతో పిలుస్తారో వ్రాయండి. ఆ మాటలలో కొన్నింటికైనా తెలుగు చేద్దాం. నాతో విభేదించేవారు నిస్సంకోచంగా వాదించవచ్చు. ఒక్క షరతు: స్నో పాయింటులో గంటసేపు నిలబడి వచ్చిన అనుభవాన్ని ప్రమాణంగా చూపవద్దు.