జీపుకు గొట్టం సరే, వాగుకు వంతెన ఏదీ?

చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలలో వానాకాలం వచ్చిందంటే రోడ్డు మీద పెత్తనం వాగుదే. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ మన్యంలో జనం మాత్రం ఆ అంకెలకన్న ముందు చప్టాల వైపు చూస్తారు. చప్టా మునిగితే సరుకుల బండి ఆగుతుంది, బడి పంతులు ఆగుతాడు, నొప్పులు పడుతున్న మనిషి ఒడ్డునే ఉండిపోతుంది.

ఇటువంటి చోట్ల తిరిగే జీపులకు బోనెట్టు పక్క నుంచి కప్పు దాకా నల్లని గొట్టం బిగించడం కనిపిస్తున్నది. దీనిని స్నార్కెల్ అంటారు. గొట్టం ఉంటే ఏ వాగునైనా దాటవచ్చునన్న నమ్మకం కూడా దాని వెంటే వస్తున్నది. గొట్టం మంచిదే. నమ్మకమే ప్రమాదకరం.

గొట్టం చేసే పని ఒక్కటే. ఇంజను గాలి పీల్చే నోటిని బోనెట్టు కింద నుంచి కప్పు ఎత్తుకు చేర్చడం. డీజిల్ ఇంజనులో పిస్టను గాలిని పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కుతుంది. గాలి నలుగుతుంది కాని నీరు నలగదు. ఫిల్టరు దాటి నాలుగు గుక్కల నీరు సిలిండరులోకి పోతే పిస్టను ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆపైన ఇంజను విప్పవలసిందే. ఆ ఖర్చు జీపు మీద బతికే కుటుంబాన్ని అప్పులపాలు చేస్తుంది. ఇంజనులోకి నీరు పోయిన నష్టాన్ని మామూలు బీమా సాధారణంగా భరించదు. దానికి వేరే ప్రీమియం కట్టి ఉండాలి. కనుక గొట్టం వృథా అనడానికి వీలులేదు. ఎండాకాలం మట్టి రోడ్లపై ముందు బండి దుమ్ము కూడా ఫిల్టరుకు తక్కువగా చేరుతుంది.

అయితే బిగింపు సరిగా ఉండాలి. మడ్‌గార్డుకు రంధ్రం కోసి పైకి ఒక పైపు నిలబెట్టినంతలో పని ముగియదు. పైపు ఫిల్టరు డబ్బాను కలిసే ప్రతి అతుకూ గాలి చొరకుండా బిగియాలి. డబ్బా అడుగున నీరు కారేందుకు కంపెనీ వారు విడిచిన చిన్న రంధ్రాన్ని మరచిపోతే పైన ఎంత గొట్టం ఉన్నా కింద నుంచి నీరు తాగుతుంది. పరీక్ష సులువు. ఇంజను నిదానంగా ఆడుతుండగా గొట్టం మూతిని చెక్కతో మూయాలి. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగితే బిగింపు సరైనది. ఆగకుంటే ఎక్కడో గాలి దూరుతున్నదన్న మాట. గాలి దూరే చోట నీరూ దూరుతుంది.

గేరుబాక్సు, ముందు వెనుక యాక్సిల్‌లకు ఊపిరి పీల్చే సన్నని పైపులుంటాయి. వేడెక్కిన యాక్సిల్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకొని నీటిని లోనికి లాగుతుంది. ఆ పైపులను కూడా ఎత్తుకు చేర్చాలి. నీటిలో దిగి వచ్చిన తరువాత ఆయిలు మజ్జిగలా తెల్లబడితే వెంటనే మార్చాలి. ఈ పని చేయని షెడ్డులో గొట్టం బిగించుకొనడం బండికి అలంకారమే తప్ప రక్షణ కాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న బండికి కూడా హద్దు ఉన్నది. ఫోర్స్ గూర్ఖాకు కంపెనీ వారే గొట్టం బిగించి ఇస్తూ నీటిలో 700 మిల్లీమీటర్ల లోతు వరకు పోవచ్చునని చెబుతున్నారు. అంటే గట్టిగా రెండడుగుల మూడంగుళాలు. గొట్టం మూతి మనిషి తల ఎత్తున ఉన్నదని మనిషి లోతు నీటిలో దిగమని ఎవరూ చెప్పలేదు.

కారణం చిన్న లెక్కలో ఉన్నది. 4 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు గల బండి అడుగుభాగం 30 సెంటీమీటర్లు మునిగితే అది తోసే నీరు 1.8 ఘనపు మీటర్లు. బరువులో 1,800 కిలోలు. దాదాపు జీపు బరువంతా ఇదే. నీరు లోపలికి చేరే లోపునే చక్రాలకు నేల పట్టు పోతుంది. పట్టు పోయిన బండిని ప్రవాహం చప్టా అంచు వైపు నెడుతుంది. అప్పుడు ఇంజను నిక్షేపంగా ఆడుతూనే ఉంటుంది, బండి మాత్రం వాగులో ఉంటుంది.

ఈ ప్రాంతంలో నీరు రెండు రకాలు. గోదావరి పెరిగితే ఎగపోటు తగిలి శబరి, దానిలో కలిసే వాగులు నిండుతాయి. ఇక్కడ చినుకు లేకున్నా నీరు పెరుగుతుంది. నీరు నిలకడగా కనిపించినా కింద రోడ్డు కోసుకుపోయినదీ లేనిదీ తెలియదు. రెండవది కొండల మీద వానకు సోకిలేరు వంటి వాగులు ఒక్కసారిగా దూకడం. మొదటిదాని లోతు, రెండవదాని వేగం గొట్టం పరిధిలోనివి కావు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినపుడు ఈ మండలాల వారికి దిక్కయినది పడవే కాని జీపు కాదు.

వంతెన ఉన్నచోట కూడా నీరు పైకెక్కితే ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా పురుషోత్తమాయగూడెం వద్ద తెలిసింది. ఆకేరు వాగు ఉధృతికి కారు కొట్టుకుపోయి తండ్రి, కుమార్తె మరణించారు.

డ్రైవరును తిట్టడం తేలిక. కిస్తీ కట్టవలసిన వాడు, బండిలో జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడిని పెట్టుకున్నవాడు ఒడ్డున ఎంతసేపు నిలబడగలడు? వెనుక నుంచి పదిమంది “పోనీ, ఏమీ కాదు” అంటుంటే గొట్టం అతనికి లేని ధైర్యాన్ని ఇస్తుంది. ఆ ధైర్యం అవసరం లేకుండా చేయడమే ప్రభుత్వ బాధ్యత.

పెద్ద ఖర్చు లేని పనులు ముందు జరగాలి. ప్రతి చప్టాకు రెండు వైపులా అడుగుల గుర్తులు వేసిన స్తంభాలు పాతాలి. రోడ్డు అంచు తెలిసేలా తెల్లరంగు రాళ్లు నిలపాలి. నీరు చప్టా ఎక్కగానే గొలుసు వేసి స్థానికుడినే కాపలా పెట్టాలి. అతని జీతం వానాకాలం నాలుగు నెలలే. రోగుల బండ్లకు గొట్టం, ఊపిరి పైపులు బిగించి డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడం కూడా మంచిదే. కాని అది వంతెనకు బదులు కారాదు. ముంపు మండలాలు కదా అని వంతెన మాట దాటవేయడం న్యాయం కాదు. ఊరు అక్కడ ఉన్నంతకాలం మనుషులూ అక్కడే ఉంటారు, వారికి జబ్బులూ వస్తాయి.

జీపు యజమానులు ఒక నియమం పాటించాలి. నడిచి దాటడానికి మనిషి భయపడే నీటిలో బండిని దింపరాదు. అధికారులు కూడా ఏటా వరద వచ్చాక పరామర్శకు బయలుదేరే బదులు తొలకరికి ముందే ఒకసారి చప్టాలన్నీ నడిచి చూడవలసి ఉన్నది.