క్రూజ్ కోసం కొత్త గ్యాడ్జెట్లు కొనకండి, ఉన్న ఫోన్‌ని రెడీ చేసుకోండి

"వైజాగ్ నుంచి క్రూజ్ బుక్ చేశాం బ్రో, ఏం కొనమంటావ్?" ఈ మధ్య నాకు తరచుగా వస్తున్న ప్రశ్న ఇది. ప్రశ్నతో పాటు షాపింగ్ కార్ట్ స్క్రీన్‌షాట్ కూడా వస్తుంది. వాటర్‌ప్రూఫ్ పౌచ్, యాక్షన్ కెమెరా, ఇటుకంత పవర్ బ్యాంక్, వాకీటాకీల జత, ఎక్స్‌టెన్షన్ బోర్డు. గ్యాడ్జెట్లు కొనిపించడమే మా పని కాబట్టి నేను ఇలా అనకూడదేమో కానీ, ఆ కార్ట్‌లో సగం అక్కర్లేదు. ఒకటి రెండయితే షిప్ ఎక్కేముందే సెక్యూరిటీ వాళ్లు తీసి పక్కన పెట్టేస్తారు. డబ్బు మిగుల్చుకోండి. దాని బదులు ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఒక గంట కూర్చుని ఫోన్ సెట్ చేసుకోండి. మీ ఒక్కరిదే కాదు, మీతో వచ్చే అమ్మానాన్నలవి కూడా.

క్రూజ్ మన ఊరికి కొత్త సరదా. 2022 జూన్ 8న కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ షిప్ మొదటిసారి వైజాగ్ వచ్చింది. 2023 సెప్టెంబర్ 4న కేంద్రమంత్రి శర్బానంద సోనోవాల్ ఇక్కడి పోర్టులో ఇంటర్నేషనల్ క్రూజ్ టెర్మినల్‌ని ప్రారంభించారు. 96 కోట్ల పైచిలుకు ఖర్చు. 2025లో ఎంప్రెస్ మళ్లీ వచ్చి ఇక్కడి నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై తీసుకెళ్లింది. అంతకుముందు మనకు తెలిసిన సముద్ర ప్రయాణం అంటే పోర్ట్ బ్లెయిర్ షిప్పే. ఇంకా వెనక్కి వెళ్తే రంగూన్ స్టీమర్లు. ముత్తాత స్టీమర్ ఎక్కితే అక్కడి నుంచి ఉత్తరం వచ్చేదాకా ఇంట్లోవాళ్లకి కబురు ఉండేది కాదు. ఇప్పుడు రెండు టిక్కులు నీలం అవ్వకపోతే అరగంటలో అమ్మమ్మకి బీపీ పెరుగుతుంది. అందుకే నేను నెట్‌వర్క్‌తోనే మొదలుపెడతా.

టవర్ సిగ్నల్ సంగతి చూద్దాం. 2జీ ప్రమాణంలోనే ఒక టవర్ మామూలు పరిధి 35 కిలోమీటర్లు. 4జీ, 5జీ సిగ్నల్ మనకు పనికొచ్చే దూరం నిజ జీవితంలో ఇంకా తక్కువ. షిప్ గంటకు 15 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తోందనుకుంటే 22 కిలోమీటర్లు దాటడానికి గంట కూడా పట్టదు. అంటే డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి జరిగి చిన్నదైపోతుంటే మీ సిగ్నల్ గీతలు కూడా ఒక్కొక్కటే తగ్గుతుంటాయి. మీరు సెల్ఫీ అప్‌లోడ్ చేద్దామనుకునే టైమ్ సరిగ్గా అదే.

అసలు ప్రమాదం సిగ్నల్ పోవడం కాదు, ఆ తర్వాత ఇంకో సిగ్నల్ దొరకడం. చాలా క్రూజ్ షిప్పుల్లో శాటిలైట్‌తో నడిచే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మన దగ్గర విమానాల్లో, ఓడల్లో ఇలాంటి సేవలకి 2018లోనే రూల్స్ వచ్చాయి. రోమింగ్ ఆన్‌లో ఉంటే ఫోన్ తనంతట తానే దాన్ని పట్టుకుంటుంది. మీ నెలవారీ అన్‌లిమిటెడ్ ప్లాన్ అక్కడ చెల్లదు. నిమిషానికి, ఎంబీకి వేరే లెక్క. మీకు కావాలనుకుంటే మీ ఆపరేటర్ దగ్గర క్రూజ్ ప్యాక్ ఉందేమో, అందులో మీ షిప్ ఉందో లేదో ముందే చూసుకోండి. వద్దనుకుంటే షిప్ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, ఆపైన వైఫై, బ్లూటూత్ మాత్రం తిరిగి ఆన్ చేసుకోండి. పోస్ట్‌పెయిడ్ వాడే నాన్నగారి ఫోన్‌లో కూడా ఈ పని చేసేశాకే డెక్ మీదకి పరిగెత్తండి.

ఇక షిప్ వైఫై. కొనాలా వద్దా అంటే, రెండు మూడు రాత్రుల ట్రిప్‌కి నేనైతే కొనను. కొనేవాళ్లు ఒక ప్రశ్న అడగండి, ఏ శాటిలైట్ అని. పాత పద్ధతి శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. సిగ్నల్ పైకెళ్లి కిందకొచ్చి, జవాబు మళ్లీ అదే దారిలో రావడానికి కాంతి వేగంతో కూడా దాదాపు అర సెకను. చేతికొచ్చే పింగ్ 600 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. దాని మీద బీజీఎంఐ ఆడదామనుకుంటే చచ్చిపోయిన సంగతి కూడా మీకు లేటుగా తెలుస్తుంది. స్టార్‌లింక్ లాంటివి 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ కూడా నడుస్తుంది. డేటా లెక్కన ప్యాక్ తీసుకుంటే మాత్రం ముందుగా గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్ బ్యాకప్, యాప్ ఆటో అప్‌డేట్లు, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ అన్నీ ఆపండి. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫైని 'మీటర్డ్'గా మార్చొచ్చు, ఐఫోన్‌లో లో డేటా మోడ్ ఉంది. లేదంటే మీరు ఒక్క మెసేజ్ పంపేలోపు ఉదయం తీసిన 4కే వీడియో మీ ప్యాక్ మొత్తం మింగేస్తుంది.

నెట్ లేకపోతే ఏమేం ఆగిపోతాయో వైజాగ్ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక కొన్ని రోజులు ఈ ఊళ్లో ఫోన్లు మోగలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. అప్పటికి యూపీఐ ఇంకా రాలేదు. ఇప్పుడు మన పర్సు, టికెట్, ఆధార్, ఫోన్ నంబర్లు అన్నీ క్లౌడ్‌లోనే. కాబట్టి ఇంటి దగ్గరే బోర్డింగ్ పాస్, ఐడీ, తిరుగు ట్రైన్ టికెట్ పీడీఎఫ్‌లుగా ఫోన్ మెమరీలోకి దించుకోండి. డిజీలాకర్‌లో ఉందిలే అనుకుంటే చాలదు, అది తెరుచుకోవడానికీ నెట్ కావాలి. బుకింగ్‌లో ఏ ఐడీ ఇచ్చారో ఆ ఒరిజినల్ కార్డు చేతి బ్యాగులో ఉండాలి. ముఖ్యమైన నాలుగు ఫోన్ నంబర్లు, డాక్టర్ రాసిన మందుల చీటీ ప్రింట్ తీసి మడతపెట్టుకోండి. నవ్వకండి, కాగితానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

డబ్బు విషయం కొంచెం తిరకాసు. షిప్పుల్లో ఎక్కువగా మీ కేబిన్ కార్డు మీద ఖర్చు రాసుకుని చివర్లో లెక్క తేలుస్తారు. అప్పుడు బ్యాంక్ నుంచి ఎస్ఎంఎస్ ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి, నడి సముద్రంలో అది రాదు. చెల్లింపు ఎలాగో ఎక్కేముందే అడిగి, కార్డు లిమిట్లు చూసుకుని, కొంత క్యాష్ కూడా పెట్టుకోండి. పుదుచ్చేరిలో దిగగానే సిగ్నల్ వస్తుంది, యూపీఐ కూడా వస్తుంది. అక్కడికోసం గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మ్యాప్, ట్రాన్స్‌లేట్‌లో తమిళం ప్యాక్ ఆఫ్‌లైన్‌కి దించుకుంటే ఆటో బేరం దగ్గర తడబడరు.

సినిమాలు డౌన్‌లోడ్ చేసుకోమని మీకు చెప్పడం అనవసరం, కాకపోతే డౌన్‌లోడ్ అయ్యాక ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ప్లే చేసి చూడండి. కొన్ని ఓటీటీ యాప్‌లు లైసెన్స్ చెక్ కోసం మళ్లీ నెట్ అడుగుతాయి.

షిప్ లోపల ఇంకో చిక్కు ఉంది. స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరి వాళ్లం, ఉక్కు సంగతి మనకి తెలుసు. షిప్ అంటే అంతస్తుల కొద్దీ పేర్చిన ఉక్కు పెట్టెలు. ఎంప్రెస్‌కే 11 డెక్కులు. పక్క కేబిన్‌లో ఉన్నవాళ్లకి కూడా బ్లూటూత్ అందకపోవచ్చు. ఫ్యామిలీలో ఆరుగురు వెళ్తే ఆరుగురూ ఆరు డెక్కుల్లో ఉంటారు. దీనికి వాకీటాకీ మందు అనుకుంటారు. ఆన్‌లైన్‌లో దొరికేవన్నీ లైసెన్స్ అక్కర్లేనివి కావు, వీటి అమ్మకాల మీద 2025లో సీసీపీఏ ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. శాటిలైట్ ఫోన్ ఆలోచన అయితే అసలు వద్దు. అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం లాంటివి దగ్గర పెట్టుకుంటే మన దేశంలో కేసు అవుతుంది. షిప్‌కి సొంత యాప్ ఉండి, లోపలి వైఫైలో చాట్ ఉచితమైతే వాడండి. లేకపోతే మన జాతర పద్ధతే మేలు. ఒంటిగంటకి ఫలానా డెక్‌లో ఫలానా లిఫ్ట్ దగ్గర. కేబిన్ నంబర్ రాసిన చీటీ పెద్దవాళ్ల జేబులో. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకి కూడా ముందే చెప్పండి, ఫలానా సాయంత్రం నుంచి ఫలానా పొద్దుటి దాకా ఫోన్ కలవదు, కంగారు పడొద్దు అని. షిప్ పేరు, కేబిన్ నంబర్, కంపెనీ హెల్ప్‌లైన్ ఒక మెసేజ్‌లో పెట్టి పంపండి. ఈ ట్రిప్ మొత్తంలో మీరు పంపే అతి విలువైన మెసేజ్ అదే.

ఎక్స్‌టెన్షన్ బోర్డు విషయం మన సైట్ చదివేవాళ్లకి నచ్చుతుంది, కొంచెం ఆగి చెప్తా. ఇంట్లో న్యూట్రల్ వైరు ఎర్త్‌కి కలిసి ఉంటుంది. చాలా షిప్పుల్లో అలా ఉండదు, రెండు వైర్లలో ఏదీ ఓడ బాడీకి కలపరు. సర్జ్ ప్రొటెక్టర్ బోర్డులో వైరుకీ ఎర్త్‌కీ మధ్య చిన్న భాగాలు ఉంటాయి. షిప్‌లో ఎక్కడో ఒక వైరు బాడీకి తగిలితే, రెండో వైరుకీ బాడీకీ మధ్య పూర్తి వోల్టేజ్ వచ్చి ఆ భాగాలు వేడెక్కి కాలిపోవచ్చు. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీదే హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లో రక్షించే వస్తువే అక్కడ నిప్పు పెడుతుందన్నమాట. అందుకే చాలా కంపెనీలు సర్జ్ ప్రొటెక్టర్లు రానివ్వవు. ఇస్త్రీపెట్టె, కెటిల్, డ్రోన్ కూడా సాధారణంగా నిషేధమే. మీ కంపెనీ లిస్ట్ చదువుకోండి.

మరి సాకెట్లు సరిపోతాయా? ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లో తయారైన షిప్, అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. అంటే యూఎస్‌బీ పుట్టకముందు గీసిన కేబిన్లు! క్రూజ్ షిప్పుల్లో మామూలుగా 110 వోల్టుల అమెరికన్ చదునుపిన్ను సాకెట్, 220 వోల్టుల యూరప్ గుండ్రటి రెండుపిన్నుల సాకెట్ కనిపిస్తాయి. మన లావుపాటి మూడుపిన్నుల ప్లగ్ వాటిలో దూరదు. సన్నటి రెండుపిన్నుల ఫోన్ ఛార్జర్ యూరప్ సాకెట్‌లో పడుతుంది. ఛార్జర్ మీద '100-240 వోల్టులు' అని ఉంటే రెంటికీ భయం లేదు. రెండు మూడు పోర్టులున్న ఒక్క గ్యాన్ ఛార్జర్ చాలు, ఇంట్లో ఉంటే కొత్తది అక్కర్లేదు. పెద్ద లగేజీ టెర్మినల్‌లోనే తీసుకుని తర్వాత కేబిన్‌కి పంపుతారు కాబట్టి ఛార్జర్, పవర్ బ్యాంక్, మందులు చేతి బ్యాగులోనే ఉంచుకోండి.

ఫొటోల దగ్గర ఒక్క మాట. మన పోర్టు పక్కనే తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉంది. బయల్దేరేటప్పుడు నేవీ షిప్పులు కనిపిస్తే జూమ్ చేసి రీల్ తీయాలనిపిస్తుంది. తీయకండి. సబ్‌మెరైన్ అంత ఇష్టమైతే బీచ్ రోడ్‌లో కురుసుర మ్యూజియం ఉంది. ఏసీ కేబిన్ నుంచి ఉక్క డెక్ మీదకి రాగానే లెన్స్ మసకబారుతుంది, కెమెరా పాడైందనుకోకండి, కొన్ని నిమిషాలు ఆగితే పోతుంది. సరదాగా చేయాల్సింది ఒకటుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. ఆకాశం కనిపించే డెక్ మీద ఏదైనా జీపీఎస్ యాప్ తెరిస్తే షిప్ వేగం, దారి లైవ్‌లో చూడొచ్చు. ఫోన్ దిక్సూచిని మాత్రం నమ్మకండి, చుట్టూ ఉక్కే.

కడుపులో తిప్పుతుంటే ఫోన్ చూడటం ఇంకా చెడ్డది. ఐఓఎస్ 18లో వచ్చిన చుక్కల ఫీచర్ కారు ప్రయాణం కోసం చేసింది, ఓడలో దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. డెక్ మీద దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీత చూస్తూ కూర్చోండి. వాంతుల భయం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే తెచ్చుకోండి, షిప్ మధ్యలో కింది డెక్ కేబిన్ అడగండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రుతుపవనాలు, ఆ తర్వాత తుపాన్ల కాలం, బంగాళాఖాతం ఊపకుండా ఊరుకోదు.

ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. 2012లో కోస్టా కాంకోర్డియా ప్రమాదం తర్వాత షిప్ కదిలేలోపే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలని అంతర్జాతీయ నియమం మార్చారు. అప్పుడు వీడియో కాల్‌లో ఉండకండి. కేబిన్ తలుపు వెనక ఉన్న మీ అసెంబ్లీ స్టేషన్ ప్లాన్ ఫొటో తీసుకోండి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ఎమర్జెన్సీ. ఫోన్ కేబిన్‌లో ఉండిపోతే ఉండిపోనివ్వండి, లక్ష రూపాయలదైనా సరే.

ఐపీ68 గురించి చివర్లో ఎందుకు చెప్తున్నానంటే, ఇంటికొచ్చాక చేయాల్సిన పని కూడా ఉంది. ఆ టెస్ట్ మంచినీళ్లలో చేస్తారు, ఫోన్‌ని బట్టి మీటరున్నర లోతు, అరగంట లాగా. ఉప్పునీటికి, పూల్ క్లోరిన్‌కి ఆ హామీ లేదు. నీటి డ్యామేజీకి మామూలుగా వారంటీ కూడా వర్తించదు. బీచ్ రోడ్ పక్కన పార్క్ చేసిన బైకుల తుప్పు చూసినవాళ్లకి ఉప్పుగాలి ఏం చేస్తుందో తెలుసు. కేస్ తీసి, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. కేస్ లోపల కూడా. యూఎస్‌బీ-సీ పోర్టులో తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే ఛార్జింగ్ పెట్టకండి, పోర్టు కిందకి ఉండేలా నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు, ఆ పిండి పోర్టులో ఇరుక్కుంటే తీయడం ఇంకో పని.